పలకపై వ్రాత, పుస్తకంలో వ్రాత

మార్కాపురం పలకపై ఓనమాలు దిద్దినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ ఊరి చుట్టుప్రక్కల నేలలో దొరికే నల్లరాతిని పలుచని రేకులుగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి, ఊరూరి బడులకు పంపిన కాలమది. పలకకు ఒక గుణమున్నది. తప్పు వ్రాసినామా, తడిగుడ్డతో తుడిస్తే చాలు. అంతకు ముందు అక్కడ ఏమున్నదో పంతులుగారికి కూడ తెలియదు.

ఆ అలవాటు పట్టుబడిన చేతితోనే మనిషి పెద్దవాడై నవల వ్రాయబూనుకొంటే ఏమవుతుంది? కాలం అనుకూలంగా లేనప్పుడు ఒక నవలను అచ్చుకు సిద్ధం చేయడమంటే, ఏమి ఉంచవలె, ఏమి తుడువవలె అన్న ప్రశ్నకు ప్రతి పుటలోను సమాధానం చెప్పుకొనడమే. దీనిని గురించి రెండు అనుభవాలు మనవి చేస్తాను. ఒకటి పెద్దది, మన సాహిత్య చరిత్రకు చెందినది. రెండవది చిన్నది, నాది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో గుంటూరు సీమలో జన్మించినారు. డబ్లిన్ నగరంలో చదివి బారిస్టరై తిరిగివచ్చినారు. పలనాటి పుల్లరి ఉద్యమ సందర్భంలో నిర్బంధితులై, 1922లో రాయవెల్లూరు చెరసాలలో ఉండి ‘మాలపల్లి’ నవల వ్రాసినారు. పుల్లరి అనగా అడవిలో పశువులను మేపుకొన్నందుకు చెల్లించవలసిన పన్ను. నల్లమల అంచున గొడ్డూగోదా కాచుకొని బ్రదికిన గిద్దలూరు, కంభం ప్రాంతాల పెద్దలకు ఆ మాట బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

రామదాసు అనే మాల రైతు కుటుంబం ఆ నవలకు కేంద్రం. అతని కుమారులలో ఒకడైన సంగదాసు భూస్వామి చేతిలో ప్రాణం విడుస్తాడు. మరొకడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడన్న పేరుతో కలవారిని దోచి లేనివారికి పంచుతాడు. కథ అంతా జనం మాట్లాడుకొనే తెలుగులోనే నడుస్తుంది. ఇట్టి పుస్తకం ఆనాటి ఏలికలకు రుచించలేదు. మద్రాసు ప్రభుత్వం 1923లో దానిని నిషేధించినది. మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనిది. ఆ జిల్లా కూడ మద్రాసు రాజధానిలోనిదే. కనుక ఆ నిషేధం మన ఊళ్ళకు కూడ వర్తించినది.

సాధారణంగా రచయిత అచ్చుకు ముందు దిద్దుకొంటాడు. ఈ నవలకు అచ్చయిన తరువాత దిద్దుబాటు వచ్చిపడినది. తరువాత, కొన్ని భాగాలు తొలగించిన రూపంలో, అది మరల వెలువడినది. అంతటితో కథ ముగిసినదా? లేదు. 1936లో ప్రభుత్వం దానిని తిరిగి నిషేధించినది. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం ఏర్పడిన తరువాతనే ఆ సంకెల తెగినది. ఆ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రి. మార్కాపురం, గిద్దలూరు 1970లో చేరిన కొత్త జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టినారు.

కళాశాలలో చదువుకొనే రోజులలో, ఆ తొలగింపులు ఓటమియే అని నేను వాదించేవాడిని. నేడు అంత తేలికగా అనలేను. ఏండ్ల తరబడి పాఠకుని చేతికి అందని పుస్తకం మూగది. కొంత కోల్పోయియైనా అది నోరు విప్పినది. అయితే ఈ చరిత్రలో రెండు హెచ్చరికలున్నవి. భాగాలు తీసివేసినందువల్ల అధికారం తృప్తిపడలేదు. మరల నిషేధించినది. ఇది మొదటి హెచ్చరిక. మొదటి ముద్రణ ప్రతి ఒకటి ఎక్కడైనా నిలిచి ఉన్నంతకాలమే, ఏమి తీసివేసినారో పోల్చి చూచుకొనడానికి వీలున్నది. ఇది రెండవది.

ఇక నా సంగతి. మహాగ్రంథం ప్రక్కన నా వ్రాతను నిలబెట్టే సాహసం చేయడం లేదు. చిక్కు ఒకటే గనుక చెప్పుచున్నాను. నాది గిద్దలూరు వైపు పల్లె. వానలు ముఖం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి, ముసలివారినీ బడి పిల్లవానినీ ఊళ్ళో విడిచి, కూలికై నగరం చేరిన ఒక సంసారం కథ వ్రాసినాను. 2020 వేసవిలో లాక్‌డౌను వచ్చినది. నగరాలకు పోయినవారు మూటలు నెత్తిన పెట్టుకొని నడిచి వస్తున్నారన్న వార్తలు పగలు చదివేవారం. రాత్రి ఇంటికి వచ్చి అదే మనుషుల కథను దిద్దుతూ కూర్చొనేవాడిని. వార్తలోని మనిషికి తాగడానికి నీళ్ళు లేవు. నేనిక్కడ విశేషణాలు ఏరుకొంటున్నాను. సిగ్గు వేసినది. చాల విశేషణాలు ఆ సిగ్గుతోనే పోయినవి. అవి పోవడం మంచిదే అయినది.

తరువాత ఊరికి వెళ్ళి మా పెదనాయనకు కొన్ని ప్రకరణాలు చదివి వినిపించినాను. ఆయన కండ్లు మూసుకొని విన్నాడు. కూతురి మెడలోని గొలుసు కుదువపెట్టి విత్తనాలు కొన్న ఘట్టం వచ్చేసరికి చేయి ఎత్తి ఆపినాడు. ‘‘కథ నీదే నాయనా, కానీ ఆ గొలుసు మాది గదా!’’ అన్నాడు. కోపం లేదు. అందువల్లనే నేను బదులు చెప్పలేకపోయినాను. ఆ రాత్రి గొలుసును తీసివేసి, దాని స్థానంలో ఒక జత ఎడ్లను పెట్టినాను. అప్పు అట్లే ఉన్నది, అవమానం అట్లే ఉన్నది. మా చెల్లెలు మాత్రం కథలో నుండి బయటికి వచ్చి తన ఇంటికి తాను వెళ్ళిపోయినది. పైగా ఎడ్లు లేని కాడిని ఇంటి గోడకు ఆనించి ఉంచిన దృశ్యం దానివల్లనే నాకు దొరికినది.

రెండవ తొలగింపు ఇట్టిది కాదు. మన పడమటి మండలాలలో బోరునీటిలో ఫ్లోరైడు ఉండడం, కీళ్ళు బిగిసి వంగిపోయిన పెద్దలు, తాగునీటికై ట్యాంకరు ముందు బిందెల వరుస, ఇవన్నీ మీరు ఎరిగినవే. ఆ ట్యాంకరు దగ్గర ఎవరి బిందె ముందు నిండుతుంది, ఎవరిది చివరకు మిగులుతుంది అన్నది ఒక ప్రకరణంగా వ్రాసినాను. ఒక మిత్రుడు చదివి, ‘‘ఇది ఎందుకయ్యా? ఊళ్ళో తిరుగవలసిన వాడివి’’ అన్నాడు. ఎవరూ నిషేధించలేదు, ఉత్తర్వు రాలేదు. నా భయమే ఉత్తర్వయినది. ప్రకరణం తీసివేసినాను. తీసివేసిన తరువాత, మరొకచోట కూడ ఎవరైనా నొచ్చుకొంటారేమో అనిపించినది. అక్కడ రెండు పేరాలు పోయినవి. ఆ పైన ఇంకొకచోట. భయం కూడ ఆనాటి ప్రభుత్వం వంటిదే, ఇచ్చినకొలది అడుగుతుంది. చివరకు చదివి చూస్తే, ఆ సంసారం ఊరు ఎందుకు విడిచినదో నా నవలలో ఎక్కడా లేదు!

నా అదృష్టం ఏమనగా, పాత ప్రతిని పారవేయలేదు. అటక మీది సంచిలో నుండి దానిని దింపి, ట్యాంకరు ప్రకరణాన్ని తిరిగి చేర్చినాను.

రేడియోలో పనిచేసేవారికి కోత కొత్త కాదు. పదిహేను నిమిషాల వ్యాసం తెచ్చినవారిని పది నిమిషాలకు కుదించుమని ప్రార్థించడం నా నిత్యకృత్యం. ఈ ప్రసంగాన్ని కూడ అట్లే కుదించుకొన్నాను. ఆ కోత గడియారం కోసం. కోతకు ముందు అది ఎవరి కోసమో తెలుసుకొంటే సగం చిక్కు విడిపోతుంది. విశేషణాలను తీసివేసినాను, పాఠకునికి దారి సుగమమైనది. గొలుసును తీసివేసినాను, ఒక ఆడపడుచుకు ఊరట కలిగినది. ట్యాంకరును తీసివేసినాను, ఊరట కలిగినది నాకొక్కడికే. ఆ మూడవ జాతి కోతనే అనుమానించవలె. ఒకవేళ కాలం బలవంతం చేసి ఆ కోతకే ఒప్పించినా, పూర్తి ప్రతి ఒకటి ఎక్కడో భద్రంగా ఉండవలె.

నవల వ్రాస్తున్న యువతీయువకులు మన ప్రాంతంలో ఉన్నారు. కరవు రోజులలో, జబ్బు ఇంట, అప్పు ముంగిట పెట్టుకొని దిద్దుకొంటున్నవారున్నారు. వారికి నా మనవి ఒక్కటే. కొట్టివేసేటప్పుడు మాట మీద ఒక్క గీత గీయండి. క్రింది అక్షరం కనబడేటట్లు. కంప్యూటరులో వ్రాసేవారు ప్రతి దిద్దుబాటుకు ముందు ఒక నకలు తీసి దాచుకొనండి. ఆరు నెలలు పోయిన తరువాత ధైర్యం రావచ్చు, బుద్ధి మారవచ్చు. తిరిగి చదువుకొనడానికి అక్కడ అక్షరమంటూ ఉండవలె గదా!

నా నవల ఈ మధ్యనే ప్రచురణకర్త చేతికి వెళ్ళినది. పాత ప్రతి అటక మీదనే ఉన్నది. దాని ప్రక్కన నా చిన్ననాటి మార్కాపురం పలక కూడ ఉన్నది. ఎన్ని వేల మార్లు వ్రాసి తుడిచినానో, దాని మీద ఒక్క అక్షరమూ లేదు.