నీరు, మన్ను, మొక్క: చిలికా చెప్పే సాక్ష్యం

భువనేశ్వర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చిలికాను ఒక్కసారైనా చూడనివారు అరుదు. శ్రీకాకుళానికో, విశాఖపట్నానికో వెళ్లే రైలు బాలుగావ్ దాటి రంభా వైపు సాగుతుండగా కిటికీ పక్కన ఆ నీటి విస్తీర్ణం కనిపిస్తుంది. పిల్లలు దానిని సముద్రమంటారు. పెద్దలు కాదు, సరస్సని దిద్దుతారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. చిలికా సముద్రమూ కాదు, మంచినీటి చెరువూ కాదు. ఒక వైపు నుంచి మహానది పాయలైన దయా, భార్గవి వంటి నదులు మంచినీరు తెస్తాయి. మరొక వైపు నుంచి బంగాళాఖాతం ముఖద్వారం గుండా ఉప్పునీటిని పంపుతుంది. ఈ రెంటి సమతూకమే చిలికాకు ప్రాణం. ఆ తూకం ఎటు మొగ్గుతున్నదో తెలుసుకోవడానికి నీటిని, మన్నును, మొక్కలను నిరంతరం పరీక్షించే పనిని గురించే ఈ ప్రసంగం.

చిలికా విస్తీర్ణం స్థిరంగా ఉండదు. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు తగ్గి, వర్షాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో పరచుకున్న ఈ సరస్సుపై ఆధారపడి జీవించే మత్స్యకార జనాభా సుమారు రెండు లక్షలు. పూరీ, గంజాం తీరాలలోని నోలియా జాలరులు నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. కాబట్టి చిలికా తెలుగువారికి కేవలం దారిలో కనిపించే దృశ్యం కాదు. కొన్ని తెలుగు ఇళ్లలో పొయ్యి వెలగడం ఈ తీరపు చేపల మీదే ఆధారపడి ఉంది.

1981లో చిలికా రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి రెండు ప్రదేశాలలో ఇది ఒకటి. అయితే పన్నెండేళ్లు గడిచేసరికి, అంటే 1993లో, అదే ఒప్పందం నిర్వహించే మాంట్రూ జాబితాలోకి చేరింది. గుర్తింపు పొందిన చిత్తడినేలలలో ఏవి చెడిపోతున్నాయో చెప్పే జాబితా అది. కీర్తి పత్రం నుంచి రోగుల పట్టికలోకి చిలికా ఎలా వచ్చింది?

నదులు ఏటా లక్షల టన్నుల ఒండ్రును సరస్సులోకి మోసుకొచ్చాయి. తీరం వెంబడి కదిలే ఇసుక సముద్ర ముఖద్వారాన్ని క్రమంగా దూరంగా నెట్టింది. సరస్సును సముద్రంతో కలిపే కాలువ పొడవు పెరిగింది, లోతు తగ్గింది. సముద్రపు పోటు లోపలికి రావడానికి శక్తి చాలలేదు. ఉప్పదనం పడిపోయింది. ఉప్పును సహించలేని గుర్రపుడెక్క వంటి మంచినీటి కలుపు ఉత్తర భాగాన్ని కమ్ముకున్నది. సముద్రంలో పుట్టి, పెరగడానికి సరస్సుకు వచ్చే రొయ్య పిల్లలకు, చేప పిల్లలకు దారి మూసుకుపోయింది. 1990ల చివరినాటికి ఏడాది మొత్తానికి పట్టిన చేపలు, రొయ్యలు, పీతలు కలిపి సుమారు 1,700 టన్నులకు దిగజారాయి.

దీనికి చికిత్స నిర్ణయించడానికి అంకెలే ఆధారమయ్యాయి. 1991లో ఒడిశా ప్రభుత్వం నెలకొల్పిన చిలికా అభివృద్ధి సంస్థ సరస్సు నీటి కదలికలపై అధ్యయనాలు జరిపించింది. పుణేలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నమూనాల ద్వారా పరిశీలించింది. సముద్రానికి దగ్గరగా కొత్త ముఖద్వారం తెరవాలని నిర్ణయం జరిగింది. 2000 సెప్టెంబరు 23న సాతపడా సమీపంలో దానిని తెరిచారు. సముద్రానికి చేరే దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. 2001–02 నాటికి చేపల రాబడి 12,000 టన్నులకు చేరువయ్యింది. 2002లో చిలికా మాంట్రూ జాబితా నుంచి బయటపడింది. అదే సంవత్సరం రామ్‌సర్ పురస్కారం కూడా లభించింది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే పరీక్షలు చేసే పడవలను ఒడ్డున కట్టేసి ఉండేవారు. కాని ఒండ్రు రావడం ఆగలేదు, ఇసుక కదలడం ఆగలేదు, తుపానులు ఆగలేదు. అందువల్ల నేటికీ నెలనెలా పడవలు బయలుదేరుతాయి. సరస్సు నలుమూలలా నిర్ణయించిన ముప్పైకి పైగా చోట్ల నమూనాలు తీస్తాయి. ఎప్పుడూ అవే చోట్లను ఎంచుకోవడంలో ఉద్దేశం ఉంది. ఒకనాటి అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. అదే చోట, అదే మాసంలో, గత ఏడాది, అంతకు ముందు ఏడాది తీసిన అంకెల పక్కన నిలబెట్టినప్పుడే దానికి మాట వస్తుంది.

మొదటి సాక్షి నీరు. లీటరు నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉన్నదో ముందుగా చూస్తారు. సముద్రపు నీటిలో అది సుమారు 35 గ్రాములు. చిలికా ఉత్తర భాగంలో వరదల కాలంలో దాదాపు మంచినీరే ఉంటుంది. ముఖద్వారం వైపు వెళ్లినకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. తరువాత నీటి స్వచ్ఛత. తెలుపు నలుపు రంగులు వేసిన గుండ్రటి పళ్లేన్ని తాడుతో దింపి, కంటికి కనిపించకుండా పోయే లోతును కొలుస్తారు. యంత్రాల కాలంలోనూ ఈ సాధారణ పరికరానికి విలువ తగ్గలేదు. ఎందుకంటే వెలుగు ఎంత లోతుకు చేరితే అడుగున మొక్క అంతవరకే బ్రతకగలదు.

ఆ తరువాత నీటిలో కరిగిన ప్రాణవాయువు. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపలు సుఖంగా ఉంటాయి. 2 మిల్లీగ్రాములకు పడిపోతే ఊపిరాడక తల్లడిల్లుతాయి. మురుగునీటితో వచ్చే నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి. నాచు పగలు ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రి దానినే పీల్చుకుంటుంది. కాబట్టి నాచు పట్టిన నీటిలో మధ్యాహ్నం తీసిన కొలత నిశ్చింత కలిగిస్తుంది. తెల్లవారుజామున తీసిన కొలతే నిజం చెబుతుంది. ఏ వేళ కొలిచారో రాయని అంకె అర్ధసత్యమే.

రెండవ సాక్షి మన్ను. నీరు నేటి మాట చెబితే, అడుగున పేరుకున్న మన్ను ఏళ్ల చరిత్రను దాచుకుంటుంది. రెండు దవడలున్న ఉక్కు పరికరాన్ని అడుగుకు దింపితే పిడికెడు బురదను పట్టి తెస్తుంది. ఇంకా లోతైన పొరలు కావాలంటే గొట్టాన్ని నిలువుగా దించి తీస్తారు. అందులో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంకమన్ను ఎంత, కుళ్లిన సేంద్రియ పదార్థం ఎంత అని విడదీసి చూస్తారు. జల్లెడ పట్టి అందులోని పురుగులను, నత్తలను లెక్కిస్తారు. బురద నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే అక్కడ ప్రాణవాయువు అడుగంటినట్లే.

మన్ను విషయంలో మరొక సంగతి పట్టణవాసులు గ్రహించవలసినది. మురుగుతో వచ్చిన భాస్వరం చాలావరకు అడుగు మట్టిలోని ఇనుముతో కలిసి అణగి ఉంటుంది. అడుగున ప్రాణవాయువు నశించగానే ఆ బంధం సడలి, భాస్వరం తిరిగి నీటిలోకి చేరుతుంది. మురుగు రావడం ఈరోజు ఆపినా, నిన్నటి మురుగు రేపటి నాచుకు ఎరువు కావచ్చు. అందుకే సరస్సు చెడిన తరువాత బాగుచేయడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.

మూడవ సాక్షి మొక్క. మొక్క తానున్న చోటు నుంచి పారిపోలేదు. ఆ చోటి నీటిని, మన్నును నెలల తరబడి భరించి, తన ఎదుగుదలతోనే సమాధానం చెబుతుంది. చిలికాలో గమనించే మొక్కలలో మూడు ముఖ్యమైనవి. దక్షిణ భాగంలోను, ముఖద్వారపు కాలువ వైపున అడుగున పెరిగే సముద్రపు గడ్డి ఒకటి. దానికి ఉప్పు కావాలి, వెలుగు కావాలి. అది విస్తరిస్తే నీరు తేటగా ఉన్నట్టు. చేప పిల్లలకు అదే ఉయ్యాల. రెండవది గుర్రపుడెక్క. అది ముందుకు జరుగుతున్నదంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గుతున్నదని అర్థం. మూడవది ఉత్తర భాగపు రెల్లు జాతి గడ్డి. కొల్లేటి వాసులు దానినే కిక్కిస అంటారు. అది పక్షులకు ఆశ్రయమిస్తుంది. ఒండ్రును పట్టి నిలిపి, నీటిని మెల్లగా నేలగానూ మారుస్తుంది. అందుచేత దానిని పూర్తిగా తొలగించడమూ తప్పే, పూర్తిగా వదిలేయడమూ తప్పే. దాని సరిహద్దు ఏటా ఎంత జరిగిందో ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూడవలసినదే.

ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు అనుమానానికి తావుండదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన తరువాత వరదనీరు చేరి సరస్సు ఉప్పదనం బాగా పడిపోయింది. 2019 మేలో ఫణి తుపాను పూరీ వద్ద తీరం దాటినప్పుడు కొత్త ముఖద్వారాలు తెరుచుకుని సముద్రపు నీరు ఎక్కువగా వచ్చింది. ఒకే సరస్సు, రెండు తుపానులు, రెండు వ్యతిరేక ఫలితాలు. పాత లెక్కలు లేకపోతే ఏది తాత్కాలికమో, ఏది శాశ్వత నష్టమో చెప్పగలిగేవారు ఉండరు.

మనిషి చేసే మార్పులకూ ఈ లెక్కలే సాక్ష్యం. వెదురు, వల, మట్టికట్టలతో సరస్సులో కట్టే రొయ్యల ఘేరీలు నీటి నడకను అడ్డుకుంటాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పులో చిలికాతో పాటు, ఆంధ్ర తమిళ సరిహద్దులోని పులికాట్ సరస్సు చుట్టూ 1,000 మీటర్ల మేర కూడా వాటిని నిషేధించింది. చట్టం ఒకటే, బాధ ఒకటే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

2012లో చిలికాకు ఒక ఆరోగ్య నివేదిక కూడా వెలువడింది. బడిపిల్లల ప్రగతి పత్రంలా నీటికి, చేపలకు, జీవవైవిధ్యానికి వేర్వేరుగా శ్రేణులు ఇచ్చి, మొత్తం మీద ‘బి’ శ్రేణి ప్రకటించారు. ఇటీవలి సంవత్సరాలలో శీతాకాలపు లెక్కల్లో పక్షులు పది లక్షలకు మించి కనిపిస్తున్నాయి. ఇది సంతోషకరమే. అయినా ‘బి’ అంటే ఉత్తీర్ణత మాత్రమే, నిశ్చింత కాదు.

ఇంతకీ ఈ సంగతులు నగర పుస్తకంలో ఎందుకు? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని తెలుగువారి సామెత. భువనేశ్వర్ కాలువలలో చాలా భాగం గంగువా నాలాలో కలుస్తాయి. గంగువా దయా నదిలో కలుస్తుంది. అశోకుని యుద్ధజ్ఞాపకాన్ని మోస్తూ ధౌలి కొండ పక్కగా ప్రవహించే ఆ దయా నది చిలికాలో కలుస్తుంది. వంటగది గొట్టంలో పోసిన వాడిన నూనె, గుడ్డలుతికిన డిటర్జెంటు నీరు, మురుగు కాలువలోకి విసిరిన ప్లాస్టిక్ సంచి, పొంగిన సెప్టిక్ ట్యాంకు, అన్నీ పల్లమెరిగినవే. వాటి గమ్యం సాతపడాలో నెలనెలా నీరు ముంచే సీసా.

అందువల్ల నగరవాసి చేయగలిగిన పని చిన్నదైనా దూరం వెళ్లేదే. ఇంటి మురుగు గొట్టాన్ని వాననీటి కాలువకు కాక మురుగు పారుదల వ్యవస్థకు కలిపించుకోవాలి. సెప్టిక్ ట్యాంకును గడువు ప్రకారం తీయించి, ఆ మలినాన్ని శుద్ధి కేంద్రానికే పంపాలి. వాడిన నూనెను, మిగిలిన రంగులను కాలువలో పోయరాదు. పక్క వీధిలో కాలువ నురగ కక్కినా, రంగు మారినా పురపాలక కార్యాలయానికి తేదీతో, వేళతో సహా తెలియజేయాలి. తేదీ, వేళ రాసిన ఫిర్యాదు కూడా ఒక కొలతే. చిలికాను కాపాడే లెక్కల పుస్తకంలో దానికీ ఒక వరుస ఉంది.

మరోసారి రైలు బాలుగావ్ దాటుతున్నప్పుడు పిల్లలు అది సముద్రమా అని అడిగితే, పెద్దలు ఇంకొక మాట కూడా చేర్చవచ్చు. ఇంటి వెనుక కాలువ వచ్చి చేరే చోటు ఇదేనని.