తేలు కుట్టినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?



తునికాకు కోతకు పోయేవారికి, కట్టెల మోపు ఎత్తేవారికి, రాత్రిపూట చెప్పులు లేకుండా వాకిట్లోకి దిగేవారికి తేలు కొత్త కాదు. నల్లని మండ్రగబ్బను చూస్తే అందరం హడలిపోతాం. కాని పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా చిన్న ఎర్ర తేలే. "తేలే కదా, తెల్లారేసరికి తగ్గుతుంది" అని మంత్రం వేయించి పడుకోబెట్టడం ఎందుకు ప్రమాదమో ఈ రోజు చెబుతాను.

మన నరాల పైపొరలో సోడియం లోపలికి పోవడానికి సన్నని ద్వారాలున్నాయి. అవి తెరుచుకుని, రెప్పపాటుకన్నా ముందే మూసుకోవాలి. అప్పుడే నరం తన వార్త పంపి ఊరుకుంటుంది. ఎర్ర తేలు విషం ఆ తలుపును సరిగా మూసుకోనివ్వదు. నరాలు ఆగకుండా వార్తలు పంపుతూనే ఉంటాయి. దాంతో అడ్రినలిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు రక్తంలోకి వరదలా వస్తాయి.

రక్తనాళాల కండరాల మీద ఈ రసాయనాల కోసం ఆల్ఫా రిసెప్టార్లు ఉంటాయి. వీటిని తాళాలనుకోండి. తాళంచెవి పడగానే కణం లోపల దాగి ఉన్న కాల్షియం విడుదలవుతుంది, నాళం బిగుసుకుంటుంది. అందుకే చేతులు కాళ్ళు చల్లబడతాయి, బీపీ పెరుగుతుంది, గుండె అలసిపోతుంది, చివరకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఇలాంటి పిల్లలను ఎందరినో చూశారు. ప్రాజోసిన్ అనే పాత బీపీ మాత్ర ఆ ఆల్ఫా తాళంలో దూరి తాళంచెవిని పడనివ్వదని తెలుసు కాబట్టి, 1980లలో దానిని వాడి చూశారు. అంతకుముందు విషం ఒంటికెక్కిన వారిలో నూటికి 30 మంది వరకు చనిపోయేవారు. తరువాత అది నాలుగుకన్నా తగ్గింది. ఖరీదైన యంత్రం కాదు, చిన్న మాత్ర! 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తేలు విషానికి విరుగుడు మందు కూడా ఉంది. దానిని ప్రాజోసిన్‌తో కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో ఆయన బృందమే చూపించింది.

ఒక సంగతి మీకు వింతగా తోచవచ్చు. మంట భరించలేనంత ఉండి వేరే బాధ ఏదీ లేకపోతే భయం తక్కువ. కుట్టిన చోట మేము వేసే లిగ్నోకెయిన్ ఆ సోడియం ద్వారాలనే మూస్తుంది, మంట తగ్గుతుంది. పన్ను పీకేముందు వేసేదీ ఇదే. మంట అంతగా లేకుండా వాంతులు, ఒళ్ళంతా చెమట, చొంగ, చల్లని చేతులు కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. కట్టు బిగించకండి, కోయకండి, పసరు పోయకండి.

ఇంట్లో తాతయ్య బీపీ మాత్ర ఉంది కదా అని మీరే వేయకండి. అన్ని బీపీ మాత్రలూ ఈ పని చేయవు. ప్రాజోసిన్ కూడా బిడ్డ బరువు చూసి లెక్కకట్టి ఇవ్వాలి. ఇచ్చాక బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి వార్డులో నర్సమ్మ "పడుకోబెట్టే ఉంచండమ్మా" అంటే, బిడ్డ ఏడుస్తున్నా సరే, ఎత్తి భుజాన వేసుకోకండి.