హెడ్డు రాపించిన పిదప ట్యాపెట్ చూచుకొనుడు



పులిగడ్డ వద్ద చీలిన కృష్ణ రెండు పాయల నడుమనున్న దివిసీమలోను, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతపు కాలువ చివరి భూములలోను నీరు పొలమున కెక్కని చోట ఆయిలింజనే దిక్కు. వంతు నీరు వచ్చిన నాడు అది మొరాయించినచో నారుమడి ఎండును.

చల్లార్చు నీరు ఆగి ఇంజను మితిమీరి వేడెక్కినచో హెడ్డు వంకరపోవును. మురుగుకాలువ ఉప్పునీరు వాడినచో హెడ్డులోని నీటిదారులను తుప్పు తినివేయును. వంకరపోయిన హెడ్డును వర్కుషాపులో రాపించి చదును చేయింతుము. ఇది మంచి పనియే. కాని ఒక భాగమును రాపినచో దానితో కూడిన ఇతర భాగముల అమరిక మారునని మరువరాదు.

హెడ్డును అర మిల్లీమీటరు రాపితి మనుకొనుడు. దానిపై నున్న రాకరు అంత మేర క్రిందికి దిగును. పుష్‌రాడ్ మాత్రము పొట్టిదికాలేదు. అది రాకరు ఒక కొనను పైకి నెట్టగా, రెండవ కొన వాల్వును అదుమును. వాల్వు సీటు కోయించినను ఇట్లే జరుగును. వాల్వు సీటులోనికి దిగి, దాని కాడ పైకి వచ్చును. రెండు విధములను ట్యాపెట్ సందు తగ్గును. సందు లేనిచో, వేడికి కాడ సాగినపుడు వాల్వు పూర్తిగా మూయదు. ఇంజను స్టార్టు కాక ఏడ్పించును, బలము తగ్గును, వాల్వు అంచు కాలిపోవును.

ట్యాపెట్ స్క్రూ త్రిప్పిన సందు సరియగును. కాని రాపుడు ఎక్కువైనచో రాకరు వాలు మారి, దాని కొన కాడ నడుమ గాక అంచున ఆనును. కాడ ప్రక్కకు ఒరసి గైడు అరుగును. దీనికి స్క్రూ మందు కాదు. రాకరు బ్రాకెట్టు క్రింద తగిన ప్యాకింగు వేయవచ్చునేమో మేస్త్రీని అడుగుడు.

సిలిండరు పైభాగమును రాపినచో పిస్టను హెడ్డునకు చేరువగును. అందుచే ఈ క్రమము పాటింపుడు.

1. ఎంత రాపిరో అడిగి ఇంజను పుస్తకములో వ్రాసికొనుడు.

2. పిస్టనుపై మెత్తని సీసపు తీగ ముక్క నుంచి, హెడ్డు బిగించి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పుడు. నలిగిన తీగ మందమే పిస్టనుకు, హెడ్డుకు నడుమ సందు. అది పుస్తకములోని కొలతకు తగ్గినచో మందపు గాస్కెట్ గాని, సిలిండరు క్రింద షిమ్ము గాని వేయింపుడు.

3. హెడ్డు నట్లు ఎదురెదురుగా బిగించిన పిదపనే, రెండు వాల్వులు మూసియున్నపుడు, ఫీలరు గేజితో ట్యాపెట్ సరిచేయుడు.

4. కొన్ని గంటలు నడచిన పిదప, ఇంజను చల్లారినాక, నట్లను, సందును మరల చూచుకొనుడు.

కాలువలు కట్టిన వేసవిలోనే ఈ పని ముగించుకొనుడు. నాట్ల నాడు వర్కుషాపు గుమ్మము వద్ద కాచుకొను పని తప్పును.