అనుదినము అను మాట



విశ్వాసమునందు నిలుకడ యనునది నేటి ప్రసంగవిషయము. నేను వేదాంతిని గాను. బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడను. ఏ మాట యెచ్చట నున్నదో, ఏల యున్నదో చూడుమని మా గురువులు నేర్పిరి. సువార్తలను గూడ నేనట్లే చదువుదును.

తన్ను వెంబడింపగోరువాడు తన సిలువ నెత్తికొనవలెనని యేసు ప్రభువు చెప్పిన సంగతిని మత్తయి, మార్కు, లూకా మువ్వురును వ్రాసిరి. అందు "ప్రతిదినము" అను మాట లూకా గ్రంథమున మాత్రమే కలదు. విత్తువాని ఉపమానమును గూడ మువ్వురును వ్రాసిరి. మంచినేల "ఓపికతో" ఫలించునన్న మాట మరల లూకాయందే కలదు. ఈ రెండు మాటలు తీసివేసిన వాక్యము చెడదు. మన బ్రతుకునకు మాత్రము ఆధారము తగ్గును.

ఓపిక యనగా మన భాషలో సహనము మాత్రమే కాదు, శక్తియు నగును. జ్వరపడి లేచినవాడు "నడచుటకు ఓపిక లేదు" అనును గదా! మూలమందలి గ్రీకు పదమును విడదీసినచో "క్రింద నిలిచియుండుట" అను నర్థము వచ్చును. కావున ఓపిక యనగా ఊరకుండుట కాదు; బరువు క్రిందినుండి తొలగిపోకుండుట.

ఈ యర్థమును మన పట్టణములయందు పరీక్షింతము. సిరిసిల్ల మరమగ్గముల యూరు. నూలు ధర పెరిగినను, బట్టకు గిరాకి తగ్గినను మగ్గము నిలుచును; మగ్గము నిలిచిన కార్మికునకు కూలి లేదు. 2000 సంవత్సరమునకు అటునిటు, అప్పుల బాధ తాళజాలక అచ్చటి నేతపనివా రనేకులు ప్రాణములు తీసికొనిరి. అట్టి యింటికి బోయి "ఓర్చుకొనుడు" అని చెప్పివచ్చుట ఓపికను బోధించుట కాదు. బరువును వారిమీదనే విడిచివచ్చుట. పౌలు కొరింథులో అకుల ప్రిస్కిల్ల లను దంపతుల యింట నుండి, వారితోపాటు డేరాలు కుట్టెను. సంఘమున నొకని మగ్గము నిలిచిననాడు, ఆ యింట పొయ్యి వెలిగినదా యని తక్కినవారు ముందుగా నడుగవలెను.

కోరుట్లలో బీడీలు చుట్టు తల్లులకు వేయింటి లెక్కను కూలి. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారము కట్టుటతోనే ప్రొద్దు గ్రుంకును. మోకాళ్లూని ప్రార్థించుటకు తీరిక యేదీ? ఒడిలో చేట యుండగా, వ్రేళ్లు పనియందుండగా, పెదవుల కదలిక చాలదా?

జగిత్యాల ప్రాంతపు పురుషు లనేకులు గల్ఫు దేశములకు బోయిరి. ఇచ్చట భార్య యొంటరిగా పిల్లలను, పొలమును, అప్పును మోయును. అచ్చట శుక్రవారము సెలవు గల చోట్ల ఆనాడే ఆరాధనకు గూడు తెలుగువారు కలరు. ఆదివారము మారినను అనుదినము మారదు.

ఇక నొక హెచ్చరిక. విశ్వసించిన అప్పు తీరును, రోగము పోవును అని చెప్పువారి మాట వినుట కింపుగా నుండును. అప్పు తీరనినాడు ఆ విశ్వాసమేమగును? రాతినేల మొలకవలె వాడును. దేవుడు అడిగినది ఈయడని నేననను. ఇచ్చిననే నిలుతునను బేరము విశ్వాసము కాదందును.

మన పూర్వులకు ఈ పరీక్ష తప్పలేదు. మెదకులో పాస్నెట్టు దొరగారు కరవునాళ్లలో ఆకలిగొన్నవారికి పని కల్పించి మహాదేవాలయమును గట్టించిరి. అది 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడెను. అన్నము కొరకు చేరినవారను నింద ఆ తరము క్రైస్తవులకు వచ్చినది. నిందకు వాదము బదులు కాదు. కరవు తీరి, పని ముగిసి, దొరలు వెడలిపోయిన పిమ్మటను పల్లెలయందు మనుమలు, మునిమనుమలు ప్రార్థనకు గూడుచున్నారు. అదియే బదులు.

అమరకోశము నొక్కరాత్రిలో వల్లించినవాడు లేడు. దినమునకు రెండేసి శ్లోకములు తప్పక చదివినవానికే అది వచ్చును. అమ్మలారా, అయ్యలారా, పెద్ద వ్రతములు పూనవలదు. ఒక వాక్యము చదువుడు. ఒక ప్రార్థన చేయుడు. ప్రక్కయింటివాని బరువు నొకింత పట్టుడు. రేపటి దినమును రేపు చూచుకొందము. నేటి దినమును మాత్రము విడువకుందము.