రేవులో అడిగే సిగరెట్ పెట్టెలు

సరుకు ఓడ రేవు చేరగానే అధికారులు తనిఖీకి వస్తారు. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా, కొన్నిచోట్ల సిగరెట్ పెట్టెలు అడుగుతారు. ఇవ్వకపోతే ఏదో వంక పెట్టి ఓడను ఆపేస్తారు. ఒక్క రోజు ఆగినా వేల డాలర్ల నష్టం. కెప్టెన్ ఇచ్చేస్తాడు. సూయజ్ కాలువకు నావికులు ఒక సిగరెట్ బ్రాండ్ పేరుతో 'మార్ల్‌బరో కెనాల్' అని పేరు పెట్టుకున్నది ఇందుకే.

ఒక్క కంపెనీ మాత్రమే ఇవ్వనంటే దాని ఓడ ఆగిపోతుంది, పోటీదారు ఓడ ముందుకు పోతుంది. అందుకే 2011లో కొన్ని నౌకా సంస్థలు, వ్యాపారంలో ప్రత్యర్థులై ఉండి కూడా, మారిటైమ్ యాంటీ కరప్షన్ నెట్‌వర్క్‌గా చేతులు కలిపాయి. ఇప్పుడు సభ్యులు 200కు పైనే. ఏ రేవులో ఏం అడిగారో, చెప్పినవారి పేరు బయటపడకుండా ఒకచోట నమోదు చేస్తారు. ఒంటరి ఫిర్యాదును తోసిపుచ్చడం తేలిక; ఒకే రేవు గురించి పదుల ఫిర్యాదులు కుప్పపడితే ప్రభుత్వం వినక తప్పదు.

అర్జెంటీనాలో అదే జరిగింది. ధాన్యం నింపేముందు ఓడలోని సరుకు గది శుభ్రంగా ఉందో లేదో ఇన్‌స్పెక్టరు తేల్చాలి. చేయి తడపకపోతే, కడిగి తుడిచిన గదిని కూడా మురికిగా ఉందని రాసేవాళ్లు. సంస్థలన్నీ కలిసి పట్టుబట్టాక 2017లో నిబంధనలు మారాయి. ఆ తనిఖీల మీద మరో తనిఖీ వచ్చింది, వివరాలు కంప్యూటర్‌కెక్కాయి. ఆ వేధింపులు బాగా తగ్గాయి.

విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి మన కుర్రాళ్లు ఎందరో ఇలాంటి ఓడలెక్కుతున్నారు. 'ఇవ్వం' అని చెప్పాల్సివచ్చినప్పుడు వాళ్ల వెనుక కంపెనీ నిలబడాలి, పోటీ కంపెనీలూ నిలబడాలి.