ఉప్పెన తరువాత పిల్లల యాట



1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమపై విఱుచుకొనిపడిన ఉప్పెనను మీలో అనేకులు ఎఱుగుదురు. సముద్రము మైళ్లకొలది లోనికి వచ్చినది. వేలకొలది జనులు మడిసిరి. అప్పటికి నాకు పదునాలుగేండ్లు. మా యూరు సముద్రమునకు దూరమగుటచే మిగిలినది. తీరపు గ్రామమునుండి బంధువులు ఏడేండ్ల పిల్లవానినొకని తెచ్చి మా యింట నుంచిరి. తండ్రి వానిని తాటిచెట్టునకు త్రాటితో కట్టి, తాను నీటిలో కొట్టుకొనిపోయెనట. ఆ బాలుడు నోరు మెదపడు. ప్రొద్దుగ్రుంకువేళ కొబ్బరిపీచు త్రాడొకటి తెచ్చి మా యరుగుమీది స్తంభమునకు చుట్టును, విప్పును, మరల చుట్టును. అది యశుభమని ఇంటిపెద్దలు తలచిరి. వారి మాటపై ఆ త్రాటిని దాచినవాడను నేనే. “జరిగినదానిని వాని యెదుట ఎత్తకుడు, వాడే మఱచిపోవును” అని మా తాతగారు కట్టడి చేసిరి. ఆయనది మంచి తలపే. మఱునాటినుండి ఆ పిల్లవాడు స్తంభమువద్ద ఊరక కూర్చుండెడివాడు.

ఇరువదియేడేండ్లకు గాని ఆ త్రాడేమో నాకు బోధపడలేదు.

2004 డిసెంబరు 26, ఆదివారము, మార్గశీర పౌర్ణమి. సుమత్రా ద్వీపమునకు చేరువను సముద్రగర్భమున భూమి కంపించుటచే పుట్టిన యలలు కొన్ని గంటలలో మన తీరమును తాకినవి. అప్పుడు నేనొక తీరగ్రామపు పాఠశాలలో తెలుగు పండితుడను. కొన్నిదినములకు బడి తెఱచితిమి. పిల్లలు ఆవరణములో ఇసుకగుడిసెలు కట్టుట, ఒకడు పాతదుప్పటి కప్పుకొని “అల వచ్చె, అల వచ్చె” అని అఱచుచు వానిపై బడుట, తక్కినవారు చచ్చినట్లు నేలవ్రాలుట చూచితిని. ఇదేమి అపశకునపు టాట యని బెత్తము చూపి మాన్పించితిని. చూడుడు, తాతగారి బుద్ధియే నాకును వచ్చినది.

గోడప్రక్కన చేపలగంప దించుకొని నిలిచిన ముసలియవ్వ యొకతె అంతయు చూచి యిట్లనెను: “ఆడుకోనియ్యండి పంతులుగారూ! మింగిన ఉప్పునీళ్లు కక్కితేగాని మునిగినవాడు బతకడు గదా బాబూ.”

నేను వ్యాకరణము చదివితిని, అలంకారశాస్త్రము చదివితిని. ఈ మాట నాకు ఏ గురువును చెప్పలేదు. అటుపై ఈ విషయమును గూర్చి దొరికినంతవఱకు చదివితిని. రెండవ ప్రపంచయుద్ధమున లండను నగరముపై బాంబులు కురియుచుండగా ఆనా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అను నిద్దఱు స్త్రీలు హాంప్‌స్టెడ్ అనుచోట శిశుసంరక్షణాలయములు నడపిరి. అచ్చటి పిల్లలును బాంబుల యాటయే యాడిరి. బాంబుకంటె తల్లికి దూరమగుటయే పసివారిని ఎక్కువగా క్రుంగదీయునని వారిద్దఱును గమనించి వ్రాసిరి. చెంతనున్న పెద్దలు నిబ్బరముగ నున్నచో పిల్లలును నిబ్బరింతురట.

ఆట వలన మేలెట్లు కలుగునందురా? అల వచ్చిననాడు పిల్లవాని చేతిలో నేమియు లేదు. ఆటలో అలను పిలుచువాడు వాడే, ఆపువాడును వాడే. అయినను ఆటలన్నియు మందు కావు. 1976లో అమెరికాదేశమునందలి చౌచిల్లా అనుచోట దుండగులు బడిబస్సులోని 26 మంది పిల్లలను ఎత్తుకొనిపోయి భూమిలో పాతిన బండిలో మూసిరి. పిల్లలు, బస్సు నడపువాడు కలసి దారిచేసికొని ప్రాణములతో బయటపడిరి. వారిని ఏండ్ల తరబడి పరిశీలించిన లెనోర్ టెర్ అను వైద్యురాలు, కొందఱు ఆ భయమునే మార్పులేక, నవ్వులేక మరల మరల నాడుచు, ఆట ముగిసినను తేఱుకొనకుండుట కనుగొనెను. అట్టిచోట పెద్దవాడు ప్రక్కన గూర్చుండవలయును.

మా బడిలోని యాటయు మొదట నట్టిదే. ప్రతిదినము అలయే గెలుచును. నేను బెత్తము పాఱవైచి ఇసుకలో గూర్చుంటిని. ఆజ్ఞాపింపలేదు. “అల పోయిన పిదప ఎవరు వత్తురు?” అని మాత్రము అడిగితిని. పదిదినములు ఎవరును బదులు చెప్పలేదు. పదునొకండవనాడు ఒకడు విఱిగిన పలక తెచ్చి దోనె యనెను. వేఱొకడు త్రాడు విసరెను. ఆ త్రాటిని చూచి నాకు మా యరుగు జ్ఞప్తికి వచ్చి కన్నులు చెమర్చినవి.

కథల సంగతి యింత సులువుగ సాగలేదు. నేను పోతనగారి భాగవతము, అష్టమస్కంధమునుండి మత్స్యావతారకథ యెత్తుకొంటిని. కృతమాలానదిలో సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల, ప్రళయమున వచ్చిన నావ, చేపకొమ్మునకు వాసుకిని త్రాడుగ కట్టుట, ఇవియన్నియు చెప్పితిని. ఎనిమిదేండ్ల బాలిక యొకతె లేచి, “మా తమ్ముడికి నావ ఎందుకు రాలేదు మాస్టారూ?” అని యడిగెను. నేర్చిన శాస్త్రము నోటికి వచ్చినది. “పూర్వజన్మకర్మ, తల్లీ” అంటిని.

ఆ పిల్ల మూడుదినములు నాతో మాటాడలేదు. నాలవనాడు చెవిలో చెప్పినట్లు, “వాడి కర్మ కాదండీ. నేను చెయ్యి వదిలేశాను” అనెను.

పసివారు కీడు కలిగినప్పుడు తమ తప్పువలననే కలిగినదని లోలోన నమ్ముదురు. నా మాట ఆ పుండుపై కారము చల్లినది. అంతటి తప్పు నా యుపాధ్యాయజీవితములో మఱొకటి చేసియుండను. ఇత్తడిపళ్లెములో నీరుపోయించి, అడుగున వ్రేలితో తట్టి, అంచులకు పోవు తరంగములను ఆమెకు చూపితిని. భూమి అదిరినది గావున అల పుట్టినది, ఎవరును తప్పు చేయలేదు, పెద్దల చేతులే పట్టు తప్పినవి, నీది చిన్నచేయి యని చెప్పితిని. ఒకసారి గాదు, అడిగినప్పుడెల్ల చెప్పితిని.

అయ్యా, మీ యూర నిట్టి యాపద వచ్చినచో పిల్లలను జరిగినది చెప్పుమని పీడింపకుడు. తామే చెప్పిననాడు నోరు మూయింపకుడు. నిత్యము ఒకే వేళకు, ఒకే యరుగుమీద, వారడిగిన కథనే నూఱుమారులైనను చెప్పుడు. పక్క తడిపిన పిల్లను ఎగతాళి చేయకుడు, మగపిల్లవాడవు ఏడువకు మనకుడు. నెల గడచినను నిద్రాహారములు కుదురని పిల్లలను వైద్యునికి చూపవలెను. టెలీఫోనులో 14416 అను సంఖ్యకు పిలిచినను సలహా దొరకును. దృష్టి తీయించుటతో ఆగిపోవువారు చాలమంది. తీయింపవచ్చును, వైద్యుని మాత్రము విడువరాదు.

ఆ యేటి వేసవిలో ఆ బాలిక మా వరండాలో చిన్నపిల్లలను చుట్టు గూర్చుండబెట్టుకొని మత్స్యావతారకథ చెప్పుచుండగా తలుపుచాటునుండి వింటిని. ఆమె కథలో చేప నావను ఒడ్డు చేర్చి, మరల వెనుకకు పోయి, ఎవరైన మిగిలిరా యని వెదకినది. అది భాగవతమున లేదు. దిద్దబోయి నోరు మూసికొంటిని.