పాత ప్రాసెసర్, కొత్త ప్రాసెసర్: వేగాన్ని కొలిచే లెక్క
(ఎ.ఎస్. రావు గారి స్మృత్యర్థం చేసిన ప్రసంగ పాఠం)



అయ్యగారి సాంబశివరావు గారిని తలచుకునే సభలో కంప్యూటర్ వేగం గురించి మాట్లాడటం సముచితమే. 1967లో ఆయన సారథ్యంలో హైదరాబాదులో మొదలైన ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్, కంప్యూటర్లను సొంతంగా తయారు చేయడానికి పూనుకుంది. అక్కడ తయారైన టీడీసీ-12 పన్నెండు బిట్ల యంత్రం. 1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికే ఈసీఐఎల్‌కు ముప్పై ఏళ్లు నిండాయి. ఐటీ అంతా మాదాపూర్ బండరాళ్ల మధ్యే పుట్టిందని చెప్పుకుంటాం, ఈసీఐఎల్ ఉన్న కుషాయిగూడ వైపు చూడం. ఆ మరపు నాకు బాధ కలిగిస్తుంది.

సైబర్ టవర్స్ కొత్తగా తెరిచిన రోజుల్లో ప్రాసెసర్లను పోల్చడం చాలా తేలిక. 1993లో వచ్చిన ఇంటెల్ పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్‌లలో నడిచేది. 2000 మార్చికల్లా ఎ.ఎం.డి. అథ్లాన్ 1 గిగాహెర్ట్జ్ అందుకుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ కొనేవాళ్లు ముందు ఆ అంకే అడిగేవారు. అంకె పెద్దదైతే యంత్రం మంచిదన్న నమ్మకం అప్పట్లో చాలావరకు నిజమే.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది పెంటియం 4. 2000 నవంబరులో 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌లతో వచ్చి, నాలుగేళ్లలో 3.8కి చేరింది. ఈ గిగాహెర్ట్జ్ అంకెను, అంటే క్లాక్ వేగాన్ని, పెంచడం కోసం దాని పనిని చిన్నచిన్న అంచెలుగా విడగొట్టారు. 2004 నాటి ప్రెస్కాట్ నమూనాలో ఆ అంచెలు 31. స్లాబ్ వేసేటప్పుడు వరుసగా నిలబడి తట్టలు అందించే కూలీలను గుర్తుచేసుకోండి. వరుసలో మనుషులు దగ్గరదగ్గరగా ఉంటే తట్ట చకచకా చేతులు మారుతుంది. కానీ పైకి పంపుతున్నది పొరపాటు మాల్ అని తేలితే, వరుసలో ఉన్న తట్టలన్నీ పారబోసి కింది నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రోగ్రాము తర్వాత ఏ దారి పడుతుందో ప్రాసెసర్ ముందే ఊహించుకుంటుంది. ఊహ తప్పినప్పుడల్లా ఇలాగే పని వృథా. వరుస ఎంత పొడవైతే నష్టం అంత.

దానికి తోడు వేడి. ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ వోల్టేజీ కూడా తగ్గించవచ్చని, అందువల్ల చదరపు మిల్లీమీటరుకు ఖర్చయ్యే విద్యుత్తు పెరగదని 1974లో రాబర్ట్ డెనార్డ్ బృందం చూపింది. మూడు దశాబ్దాలు ఆ సూత్రమే కంప్యూటర్లను నడిపించింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, ఆపివేసినా కరెంటు కారిపోవడం మొదలయ్యాక వోల్టేజీ ఇక దిగలేదు. 2004 అక్టోబరులో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను విరమించుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో క్లాక్ చాలా తక్కువ, అంచెలు 14. అయినా పాతదాన్ని సులువుగా మించిపోయింది, అదీ 65 వాట్ల పరిమితిలో. గిగాహెర్ట్జ్ చూసి ప్రాసెసర్‌ను ఎంచుకునే కాలం అక్కడితో ముగిసింది. ఒక్కో క్లాక్‌కు ఎంత పని, ఎన్ని కోర్లు (ఒకే చిప్‌లోని విడివిడి ప్రాసెసర్లు), ఎన్ని వాట్లు అన్నది అసలు లెక్క అయింది.

కంప్యూటర్ శాస్త్రజ్ఞులు హెనెస్సీ, ప్యాటర్‌సన్‌ల లెక్క ప్రకారం 1986 నుంచి 2003 వరకు ఒక్క ప్రాసెసర్ సామర్థ్యం ఏటా 52 శాతం పెరిగింది. 2015, 2018 మధ్య ఆ పెరుగుదల ఏటా మూడున్నర శాతమే. 2011 నాటి కోర్ ఐ5-2500కె, 2022 నాటి కోర్ ఐ3-12100, రెండూ నాలుగు కోర్లవే. ఒక్క కోర్‌తో చేసే పనిలో కొత్తది సుమారు రెట్టింపు. పాతకాలపు 52 శాతం చొప్పున అయితే ఆ పదకొండేళ్లలో వంద రెట్లు రావాలి.

కొత్తవి వద్దని నేననడం లేదు. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసేవారికి, వీడియో ఎడిటింగ్ చేసేవారికి కొత్త ప్రాసెసర్ కోర్లు గంటలు మిగులుస్తాయి. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్ భద్రతా లోపానికి వేసిన అతుకులు పాత ఇంటెల్ చిప్‌లను కొంత మందగింపజేశాయి కూడా. కానీ ఉత్తరాలు, లెక్కలు, బ్రౌజింగ్, బడి పాఠాలు? 2011 యంత్రం నత్తనడక నడుస్తుంటే చాలాసార్లు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేసి, మెమరీ పెంచితే అది మళ్లీ పనికొస్తుంది.

హైదరాబాదు ఇప్పుడు ప్రాసెసర్లు కొనే ఊరు మాత్రమే కాదు. ఎ.ఎం.డి., క్వాల్‌కామ్ ఇక్కడ చిప్ డిజైన్ చేస్తున్నాయి. ఇంటెల్ డిజైన్ కేంద్రం 2019 డిసెంబరులో మొదలైంది. సాంబశివరావు గారు బతికుంటే సంతోషించేవారు.

చివరిగా ఒక విన్నపం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో దాదాపు ఏదీ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ కారిడార్‌లోని ఆఫీసులు అటువంటి యంత్రాలను తుక్కు కింద అమ్మేముందు డిస్కులు పూర్తిగా తుడిచి, లినక్స్ ఎక్కించి, జిల్లాల్లోని ప్రభుత్వ బడులకు పంపండి. మీ సంస్థలో ఆ పని ఎవరి చేతిలో ఉందో రేపే కనుక్కోండి.